గాతో పిమా: మారిషస్ మిరప వడల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మారిషస్‌లో ఆరేళ్లు ఉండి విశాఖపట్నం తిరిగొచ్చాక మా ఇంట్లో ఆదివారం టిఫిన్ మారిపోయింది. వచ్చిన చుట్టాలకి గాతో పిమా పెడతాను. వాళ్లు ఇంటికెళ్లి చేసుకుంటారు, సరిగ్గా నూనె కాగే వేళకి నాకు ఫోన్ చేస్తారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, అందరూ అడిగేవన్నీ ఇలా ఒకచోట రాసి పెట్టాను. ఎక్కడ ఆగిపోయారో అక్కడికే నేరుగా వెళ్లి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

అసలు గాతో పిమా అంటే ఏంటండీ?

నానిన పప్పుని బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు, కొత్తిమీర, జీలకర్ర కలిపి, ఉసిరికాయంత ఉండలు చేసి నూనెలో వేయించేది. ఫ్రెంచిలో గాతో అంటే కేకు, పిమా అంటే మిరపకాయ. పేరు కేకే గానీ తీపి మచ్చుకైనా ఉండదు. అక్కడివాళ్లు మాట్లాడే క్రియోల్ భాషలో నూనెలో వేగిన చిరుతిళ్లన్నిటినీ కలిపి ‘గాతో దెల్విల్’ అంటారు, అంటే నూనె కేకులు. వంకాయ బజ్జీ కూడా అక్కడ కేకు కిందే లెక్క. పొద్దున్నే బస్టాండ్ల దగ్గర, బజార్లలో అద్దాల పెట్టెల్లో పెట్టుకుని అమ్ముతారు.

ఇది మన మసాలా వడే కదా, పేరు మార్చి చెబుతున్నారా?

చుట్టరికం ఉంది, కాదనను. తమిళుల మసాలా వడై, మన మసాలా వడ, ఇదీ ఒకే వంశం. కానీ ఒకే వంటకం కాదు. ఇందులో ఉల్లిపాయ ముక్కల బదులు ఉల్లికాడలు పడతాయి. అల్లం, దాల్చినచెక్క, లవంగం లాంటి మసాలాలు ఉండవు. వడ వెడల్పుగా, బిళ్లలా ఉంటుంది. ఇది చిన్న ఉండ, కొంచెం నొక్కినట్టు ఉంటుంది, అందుకే లోపల మెత్తదనం మిగులుతుంది. అన్నిటికన్నా పెద్ద తేడా తినే పద్ధతిలో. దీన్ని వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని పొద్దున టీతో తింటారు. నేను మొదటిసారి చూసినప్పుడు ‘మసాలా వడని బ్రెడ్డులో పెట్టడమేంటి’ అని నవ్వుకున్నాను. వారం తిరక్కుండా నేనూ బస్సెక్కే ముందు అదే కొనుక్కోవడం మొదలుపెట్టాను.

మన తెలుగువాళ్లకి దీంతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. చెరకు తోటల్లో పని కోసం భారతదేశం నుంచి కూలీలని 1834 నుంచి మారిషస్‌కి తీసుకెళ్లారు. 1920 దాకా దాదాపు 5 లక్షల మంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. వాళ్లని దింపిన చోటు పేరు ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అలా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరింగ రేవు పేరు మీద వాళ్లని అక్కడ ‘కోరింగీలు’ అనేవాళ్లు. ఉగాది ఇప్పటికీ ఆ దేశంలో ప్రభుత్వ సెలవు.

మా పక్కింటి ముసలావిడది ఆ కోరింగీల కుటుంబమే. అందరూ ‘తాంతీన్’ అని పిలిచేవాళ్లు, పిన్ని అన్నట్టు. తెలుగు మాట్లాడలేదు గానీ రామభజనలో పాటలన్నీ కంఠతా వచ్చు. మాది విశాఖ అని చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట “సింహాద్రి అప్పన్న?” అని. కొండ మా ఇంటి నుంచి కనబడుతుందంటే నా చేతులు పట్టుకుంది. ఈ వంట నాకు నేర్పింది ఆవిడే.

ఏ పప్పు వాడాలి, శనగపప్పా, బఠాణీ పప్పా?

రెండూ పనికొస్తాయి. మారిషస్ ఇళ్లలో ఎక్కువగా కనబడేది పసుపురంగు బఠాణీ పప్పు. విదేశాల్లో ఉన్నవాళ్లకి అది సూపర్‌మార్కెట్లో తేలిగ్గా దొరుకుతుంది. మన దగ్గర మంచి శనగపప్పు ప్రతి కిరాణా కొట్లో ఉంటుంది కాబట్టి నేను అదే వాడతాను. శనగపప్పుతో చేస్తే కాస్త కరకర ఎక్కువ, కమ్మదనం ఎక్కువ. బఠాణీ పప్పుతో చేస్తే లోపల మెత్తగా, గుల్లగా వస్తాయి. కందిపప్పు, పెసరపప్పు వద్దు, ఆ రుచి వేరు. పచ్చి శనగపిండి కలిపి చేస్తే మాత్రం అది పకోడీ అవుతుంది.

కొలతలు చెప్పండి. ఎన్ని వస్తాయి?

పప్పు 250 గ్రాములు. సన్నగా తరిగిన పచ్చిమిర్చి 6, ఉల్లికాడలు 4, కొత్తిమీర ఒక గుప్పెడు, కరివేపాకు రెండు రెమ్మలు, జీలకర్ర ఒక టీస్పూను, ఉప్పు ఒక టీస్పూను తలకొట్టి, పసుపు చిటికెడు (కొందరు వేయరు). వేయించడానికి నూనె. 250 గ్రాముల పప్పు నానితే బరువు దాదాపు రెట్టింపవుతుంది, చిన్న ఉండలు 30 దాకా వస్తాయి. బ్రెడ్డులో పెట్టుకుంటే ఆరుగురికి చాలు. ఉత్తవే టీతో తింటే ఎంతమందికి సరిపోతాయో నేను హామీ ఇవ్వలేను.

## నానబెట్టేటప్పుడు

ఎంతసేపు నానాలి?

శనగపప్పు 4 నుంచి 6 గంటలు, బఠాణీ పప్పు రాత్రంతా. గడియారం కన్నా గోరు నమ్మకం. ఒక పప్పు బద్దని తీసి గోటితో నొక్కితే టక్కున విరగాలి, మధ్యలో తెల్లటి పొడి గింజ కనబడకూడదు. నీళ్లు పప్పుకి మూడు రెట్లు పోయండి. చాలీచాలని నీళ్లు పోస్తే పైన ఉన్నవి తేలి ఎండిపోతాయి.

మర్చిపోయాను, వేడినీళ్లలో నానబెడితే తొందరగా అవుతుందా?

అవుతుంది. బాగా మరిగిన నీళ్లు పోసి మూత పెడితే శనగపప్పు గంటన్నర, రెండు గంటల్లో దారికొస్తుంది. ఒకటే జాగ్రత్త, పొయ్యి మీద పెట్టి ఉడికించకండి. ఉడుకు పట్టిన పప్పు రుబ్బితే ముద్దవుతుంది.

రాత్రంతా నానబెట్టినా పప్పు గట్టిగానే ఉందేంటి?

పప్పు పాతదై ఉంటుంది. ఏడాది దాటి డబ్బాలో మగ్గిన పప్పుకి నీళ్లు పట్టవు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్న ఊళ్లలో కూడా ఇదే గొడవ. ఆ పప్పుని పారేయక్కర్లేదు, చారులోకి వాడుకోండి. దీనికి మాత్రం కొత్తది తెచ్చుకుని తాగే నీళ్లలో నానబెట్టండి.

## రుబ్బేటప్పుడు

బరకగా అంటే ఎంత బరకగా?

ఈ వంటంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తాంతీన్ మిక్సీ వాడేది కాదు. పెరట్లో ‘రోస్ కారీ’ ఉండేది, మన సన్నికల్లు లాంటి నల్లటి రాయి. దాని పొత్రాన్ని ‘బాబా’ అంటారు, పసిబిడ్డ అని. పప్పుని గుప్పెడు గుప్పెడు రాతి మీద వేసి, బాబాతో ముందుకి రెండుసార్లు తోసి, వెనక్కి ఒకసారి లాగి, పక్కకి తీసేసేది. మూడోసారి తోసేదే కాదు. ఎందుకని అడిగితే వేళ్ల మధ్య ఆ పిండి తీసుకుని రుద్ది చూపించింది. అందులో మూడు రకాలుంటాయి: వెన్నలా మెత్తబడినది కొంత, బొంబాయి రవ్వలా ఉన్నది ఎక్కువ భాగం, అక్కడక్కడ సగం విరిగిన పప్పు బద్దలు. మెత్తటిది జిగురై మిగతావాటిని పట్టి ఉంచుతుంది. రవ్వ భాగం గుల్లదనం ఇస్తుంది. బద్దలు పళ్ల కింద కరకరమంటాయి. మొత్తం మెత్తగా రుబ్బితే గట్టి ఉండలవుతాయి, మొత్తం బరకగా ఉంటే నూనెలో చెదిరిపోతాయి.

మిక్సీలో ఇది రావాలంటే పప్పుని మూడు వాయిలుగా వేసి, పల్స్ మీద ఆపి ఆపి తిప్పండి, మధ్యలో గరిటెతో కలుపుతూ. మూడో వాయిని ఇంకాస్త మెత్తగా చేసి మిగతా రెంటిలో కలిపేయండి. గుప్పెట్లో నొక్కితే ఉండ నిలవాలి, వేలితో తడితే విరగాలి.

నీళ్లు పోయకపోతే మిక్సీ తిరగడం లేదు, ఏం చేయను?

నీళ్లు పోయకండి. జార్ సగం కన్నా ఎక్కువ నింపి ఉంటారు, తగ్గించండి. నానిన పప్పులోనే కావలసినంత తడి ఉంటుంది. అప్పటికీ తిరగకపోతే పచ్చిమిర్చిలో కొన్నిటిని పప్పుతో పాటే వేయండి, వాటి తడి సాయపడుతుంది. ఒక్క చెంచా నీళ్లని మొదలుపెట్టి నేను ఒకసారి అరగ్లాసు దాకా వెళ్లాను. ఆ రోజు మా ఇంట్లో టిఫిన్ అట్లు.

పిండి పలచబడిపోయింది, కాపాడుకోవచ్చా?

పలచటి బట్టలో వేసి మూట కట్టి అరగంట జల్లెడ మీద పెట్టండి, చాలామటుకు నీరు దిగుతుంది. తర్వాత ఒకటి రెండు చెంచాల బియ్యప్పిండి కలపండి. శనగపిండి కలిపితే రుచి పకోడీ వైపు పోతుంది. మైదా కలిపితే సాగుతాయి.

మారిషస్‌లో పప్పు ఉడికించి చేస్తారని విన్నాను, నిజమేనా?

మీరు విన్నది ‘ధాల్ పూరీ’ గురించి. దానికి పసుపు బఠాణీ పప్పుని ఉడికించి, పొడి చేసి, పల్చటి రొట్టె లోపల పెడతారు. మన బొబ్బట్టుకి కారం చెల్లెలు అనుకోండి. గాతో పిమాకి పచ్చి పప్పే.

## కలిపేటప్పుడు, చుట్టేటప్పుడు

ఉల్లికాడలు దొరకలేదు, ఉల్లిపాయ వేయొచ్చా?

వేయొచ్చు గానీ ఒక చిన్న ఉల్లిపాయ మించొద్దు. సన్నగా తరిగి, గుడ్డలో పిండి నీళ్లు తీసేయండి. ఉల్లిపాయ నీరే ఉండలని విడదీస్తుంది. కాడల్లో పచ్చటి భాగం ఇచ్చే వాసన మాత్రం రాదు. దాని బదులు కొత్తిమీర రెట్టింపు వేస్తే నయం. అన్నట్టు మారిషస్‌లో కొత్తిమీరని ‘కోతోమిలి’ అంటారు. ఊరి కూరగాయల బజార్లో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నన్నెవరో ఇంటి పేరుతో పిలిచినట్టయింది.

అల్లం వెల్లుల్లి, సోంపు వేస్తే రుచి పెరగదా?

కొన్ని ఇళ్లలో సోంపు వేస్తారు, అర చెంచా అయితే బాగానే ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తే అది మన మసాలా వడ అవుతుంది. అదీ మంచిదే, కానీ మీరు చేయాలనుకున్నది ఇది కాదు కదా.

మా పిల్లలు కారం తినరు. మిర్చి మానేస్తే?

పేరులోనే మిరపకాయ ఉంది, పూర్తిగా మానేస్తే పేరు మార్చాలి. గింజలు తీసేసి రెండు కాయలు వేయండి. పెద్దవాళ్లకి, పిల్లలకి వేరువేరుగా కావాలంటే ముందు మిర్చి లేకుండా పిండి కలిపి, పిల్లలవి చుట్టేశాక మిగతాదాంట్లో మిర్చి కలపండి. వేయించేది కూడా పిల్లలవే ముందు.

ఉప్పు ముందే వేయాలా, చివర్లోనా?

చివర్లో, నూనె పొయ్యి మీద పెట్టాక. ఉప్పు పడిన పావుగంటకి కొత్తిమీర, కాడలు నీరు వదులుతాయి, పిండి జారుతుంది.

ఆకారం ఎలా ఉండాలి? మధ్యలో చిల్లు పెట్టాలా?

అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో ఒక్కసారి మెల్లిగా నొక్కండి. మధ్యలో చిన్న గుంట పడుతుంది, అంతే. చిల్లు పెట్టేది పక్క దీవి రీయూనియన్ వాళ్లు. వాళ్ల ‘బోంబోం పిమా’ మన గారెలా ఉంటుంది, చాలామంది దాన్ని వేరే రకం పెద్ద చిక్కుడు గింజలతో చేస్తారు. ఉండని గట్టిగా అదమకండి. లడ్డూ చుట్టినట్టు బిగిస్తే లోపల ఆవిరికి దారుండదు, నమలడానికి రాయి అవుతుంది.

ఉండ కట్టడం లేదు, చేతిలోనే రాలిపోతోంది.

మెత్తటి భాగం తక్కువైంది. పిండిలోంచి రెండు గుప్పెళ్లు తీసి మళ్లీ మిక్సీలో మెత్తగా తిప్పి, తిరిగి కలపండి. చేతులు నీళ్లతో కొద్దిగా తడుపుకుని చుడితే ఇంకా బాగా నిలుస్తాయి. చేతి నుంచి నీళ్లు కారేంత తడి మాత్రం వద్దు.

## వేయించేటప్పుడు

నూనె ఎంత కాగాలి?

థర్మామీటరు ఉంటే 170 నుంచి 175 డిగ్రీలు. లేకపోతే శనగగింజంత పిండి వేసి చూడండి. అడుక్కి వెళ్లి, ఒకటి రెండు సెకన్లలో బుడగలతో పైకి రావాలి. అసలు మునగకుండా పైనే నల్లబడితే కాక ఎక్కువ, అడుగునే కూర్చుంటే తక్కువ. మూకుడులో నూనె మూడంగుళాల లోతైనా ఉండాలి.

నూనెలో వేయగానే విడిపోతున్నాయండీ, టెన్షన్‌గా ఉంది.

పొయ్యి కట్టేసి ఊపిరి పీల్చుకోండి. మూడు కారణాల్లో ఒకటి. నూనె కాగలేదు, లేదా పిండిలో తడి ఎక్కువ, లేదా రుబ్బడం మరీ బరక. ముందు తేలిగ్గా తేలేది చూడండి: నూనె ఇంకాస్త కాచి ఒక్కటే వేయండి. అది నిలిస్తే సమస్య తీరింది. నిలవకపోతే పిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి ఇంకోటి వేయండి. అప్పటికీ చెదిరితే కొంత పిండిని మెత్తగా రుబ్బి కలపాల్సిందే. ఇంకో సంగతి, వేసిన మొదటి నిమిషం గరిటె పెట్టకండి. పై పొర గట్టిపడక ముందే కదిపితే మంచి పిండి కూడా విడిపోతుంది. నూనెలో తేలే తునకల్ని చిల్లుల గరిటెతో తీసేయండి, లేకపోతే మాడి తర్వాతి వాయికి చేదు పట్టిస్తాయి.

పైన ఎర్రగా అయిపోతున్నాయి, లోపల పచ్చిగా ఉంటోంది.

మంట ఎక్కువ, లేదా ఉండ పెద్దది. నిమ్మకాయంత చేస్తే లోపలికి వేడి చేరేలోపే పైన మాడుతుంది. ఉసిరికాయంత చేసి, మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. బుడగల చప్పుడు తగ్గి, నూనె నిదానించినప్పుడు తీయాలి. రంగు బంగారు గోధుమ, మరీ ముదురు వద్దు.

ఒకటి టప్పుమని పేలి నూనె చిందింది. ఎందుకలా?

లోపల నీరు ఆవిరై బయటికి దారి దొరక్క పేలుతుంది. మొత్తంగా మిగిలిన పప్పు బద్దలు, నీళ్లు కారే చేతులు, బిగించి చుట్టిన ఉండ, ఇవే కారణాలు. నా కుడి మణికట్టు మీద చిన్న మచ్చ ఉంది, కొత్తిమీర కడిగి తుడవకుండా కలిపిన రోజు గుర్తు. కొత్తిమీర, కాడలు కడిగాక బట్ట మీద ఆరబెట్టండి. ఉండల్ని పై నుంచి విసరకండి, మూకుడు అంచు నుంచి జారవిడవండి.

సోడా ఉప్పు వేస్తే గుల్లగా వస్తాయా?

వస్తాయి, నూనె కూడా అంతే పీలుస్తాయి. చిటికెడు వేసేవాళ్లు మారిషస్‌లోనూ ఉన్నారు. సరిగ్గా నానిన, సరిగ్గా రుబ్బిన పప్పుకి అవసరం లేదన్నది నా మాట. దాని బదులు పిండిని రెండు నిమిషాలు చేత్తో గిలకొట్టి చూడండి.

ఎయిర్ ఫ్రయ్యర్‌లో చేయొచ్చా?

చేయొచ్చు. తినొచ్చు కూడా. గాతో పిమా అనొద్దు.

## తినేటప్పుడు, దాచేటప్పుడు

బ్రెడ్డులో ఎలా పెట్టుకుంటారు? ఏ బ్రెడ్డు?

అక్కడ ‘దిపె మేజో’ అని గుండ్రటి చిన్న రొట్టె దొరుకుతుంది, పైన పెళుసు, లోపల దూది. మన దగ్గర దానికి దగ్గరగా వచ్చేది బేకరీ పావ్, పెనం మీద కాస్త వేడి చేస్తే. తీపి బన్ను మాత్రం వద్దు. మధ్యకి చీల్చి ఉప్పు వెన్న ధారాళంగా రాసి, వేడివేడిగా నాలుగైదు గాతో పిమా పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కండి. అవి లోపల చితికి వెన్నతో కలవాలి. పక్కన చిక్కటి పాల టీ. అక్కడ వనిల్లా వాసన వేసిన టీపొడి బాగా వాడతారు, దొరికితే అది.

ఏ చట్నీ బాగుంటుంది?

అక్కడ చట్నీని ‘సతిని’ అంటారు. టమాటా సతిని, అంటే ఉడికించని టమాటాని ఉల్లిపాయ, మిర్చి, కొత్తిమీరతో దంచింది, వీటికి అచ్చంగా కుదురుతుంది. కొబ్బరి, పుదీనా, చింతపండు కలిపి నూరేది కూడా ఉంది. మన గోంగూర పచ్చడితో తిన్నాను, తప్పేం లేదు.

మర్నాటికి మిగిలితే గట్టిపడ్డాయి, పారేయాలా?

అయ్యో, వద్దు. టమాటా, ఉల్లిపాయ, కరివేపాకుతో పల్చటి పులుసు కాచి, దింపే పది నిమిషాల ముందు వీటిని వేయండి. పులుసు పీల్చుకుని మెత్తబడతాయి. మారిషస్ ఇళ్లలో గాతో పిమా కూర అని ఇదే చేస్తారు, కొందరు కూర కోసమే ఎక్కువ వేయిస్తారు. అన్నంలోకి చాలా బావుంటుంది.

పిండి ముందురోజే రుబ్బి పెట్టుకోవచ్చా?

ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంటుంది, ఉప్పు, ఆకులు కలపకుండా. బయట వద్దు. మన ఎండాకాలంలో నాలుగు గంటలకే పులిసిపోతుంది. ఎక్కువ రోజులు కావాలంటే ఉండల్ని రెండు నిమిషాలు మాత్రం వేయించి, చల్లారాక ఫ్రీజర్లో పెట్టండి. నెల దాకా ఉంటాయి. గడ్డకట్టినవి కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేయండి, మంట కొంచెం తగ్గించి.

మారిషస్‌లో తిన్నాను. అన్నీ చెప్పినట్టే చేసినా ఆ రుచి రావడం లేదు, ఏం తప్పు చేస్తున్నాను?

మీరు వేడిగా తింటున్నారు. నాకూ రెండేళ్లు పట్టింది ఇది తెలియడానికి. ఇంట్లో మూకుడులోంచి తీయగానే తింటే కరకరలాడతాయి, బాగుంటాయి, కానీ గుర్తున్న రుచి అది కాదు. బస్టాండు దగ్గర కొన్నది కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. బస్సొచ్చి, సీటు దొరికి, పొట్లం విప్పేసరికి పావుగంట గడిచేది. అప్పటికి వెన్న కరిగి రొట్టెలోకి దిగేది, ఉండల పైపొర ఆవిరికి కాస్త మెత్తబడేది, కాగితం మీద నూనె మరకలు పడేవి. రొట్టెలో పెట్టి నొక్కాక తెల్ల కాగితంలో బిగించి చుట్టి, పదిహేను నిమిషాలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. తర్వాత విప్పండి.